ఇంటర్ టాపర్ ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో ఎందుకు తప్పుతాడు?

"ఇంటర్‌లో వెయ్యికి 970 వచ్చాయి సార్. ఇంజినీరింగ్‌లో మొదటి సెమిస్టర్‌కే మ్యాథ్స్ పోయింది. ఏమైందో మాకు అంతుచిక్కడం లేదు." మొదటి ఏడాది ఫలితాలు వచ్చే రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్ రూమ్ దగ్గర నిలబడినా ఇలాంటి మాట చెవిన పడుతుంది. దానికి జవాబులు కూడా సిద్ధంగానే ఉంటాయి. ఫోన్ కొనిచ్చారు, అందుకే చెడిపోయాడు. హాస్టల్లో అడిగేవాళ్లు లేరు. స్నేహాలు మంచివి కావు.

వీటిలో కొంత నిజం లేకపోలేదు. కానీ అసలు కారణం అక్కడ లేదని నా గట్టి అభిప్రాయం. ఒకే సెక్షన్‌లో ఎప్పుడూ ఫోన్ పట్టుకుని తిరిగేవాళ్లు పాసవుతుంటారు. రాత్రి పన్నెండింటి దాకా పుస్తకం ముందు కూర్చున్నవాళ్లు తప్పుతుంటారు. కష్టపడే అలవాటు ఈ పిల్లలకు బాగానే ఉంది. ఎప్పుడు, దేని మీద, ఎలా కష్టపడాలన్నది మాత్రం అంతవరకూ వేరేవాళ్ల చేతుల్లో ఉండేది. అది ఒక్క వారంలో, ఏ తర్ఫీదూ లేకుండా వాళ్ల చేతికి వచ్చి పడుతుంది. మొదటి ఏడాది కష్టాల్లో చాలావాటి మూలం ఇదే.

రెండేళ్లు రోజును నడిపింది ఎవరు?

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో ఎంపీసీ పిల్లవాడి రోజు ఎలా గడుస్తుందో చూడండి. తెల్లవారుజామున ఐదింటికో ఐదున్నరకో వార్డెన్ తలుపు తడతాడు. స్నానం, స్టడీ అవర్, టిఫిన్, క్లాసులు, భోజనం, మళ్లీ క్లాసులు, స్నాక్స్, స్టడీ అవర్, రాత్రి భోజనం, మళ్లీ స్టడీ అవర్. పదిన్నరకో పదకొండింటికో లైట్లు ఆర్పేస్తారు. ఏ రోజు ఏ చాప్టర్ చదవాలో షెడ్యూల్ ముందే ఇచ్చేస్తారు. వారం చివర పరీక్ష, ఒకటి రెండు రోజుల్లో మార్కులు, క్యాంపస్‌లో ఎన్నో ర్యాంకో జాబితా. ఏ ప్రశ్న ఎందుకు తప్పిందో నోట్సులో రాసి చూపించాలి. మార్కులు పడిపోతే సెక్షన్ మారుస్తారు, ఇంటికి కబురు వెళుతుంది. సెల్‌ఫోన్ ఉండదు. ఎప్పుడో ఒకసారి ఔటింగ్, అదీ ఇంటివాళ్లు వచ్చి సంతకం పెడితేనే.

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నా దృష్టిలో దానివల్ల జరిగే నష్టమే ఎక్కువ. ఇక్కడ గమనించాల్సింది వేరే ఉంది. ఏ పని ఎప్పుడు చేయాలి, చేసింది సరిగ్గా ఉందా లేదా, వెనకబడితే ఎవరిని అడగాలి? రెండేళ్లపాటు ఈ నిర్ణయాల్లో ఒక్కటి కూడా విద్యార్థి తీసుకోలేదు. తీసుకునే అవకాశమే రాలేదు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో పడినవాళ్లకైతే ఏడేళ్లుగా ఇదే వరస.

బీటెక్‌లో చేరిన మొదటి వారంలోనే ఇవన్నీ ఒకేసారి పోతాయి. సాయంత్రం నాలుగింటికి క్లాసులు అయిపోతాయి. పడుకునేదాకా ఆరేడు గంటలు ఖాళీ. ఆ గంటల్లో ఏం చేయాలో చెప్పేవాళ్లు ఉండరు. వారం పరీక్ష లేదు కాబట్టి తనకు ఎంత వచ్చిందో, ఎంత రాలేదో తెలిసే దారి లేదు. కాకర తీగ కింద నుంచి పందిరి లాగేస్తే నేలకు వాలుతుంది. తీగలో బలం లేదని ఎవరూ అనరు కదా. పిల్లల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "స్వేచ్ఛ దొరికింది, చెడిపోయాడు" అని సులువుగా తేల్చేస్తాం.

ఈ ఖాళీ సంగతి పైవాళ్లకు తెలియకపోలేదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో చేరగానే మూడు వారాల ఇండక్షన్ ప్రోగ్రామ్ నడపాలని, దేశంలో సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ చెప్పింది. పాఠాల హడావుడి లేకుండా కొత్త చోటు, కొత్త మనుషులు, కొత్త పద్ధతులు అలవాటు కావాలని దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే. కానీ మన దగ్గర సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది. చివరి విడతలో సీటు వచ్చినవాళ్లు, స్లైడింగ్‌లో బ్రాంచ్ మారినవాళ్లు, స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లు వచ్చేసరికి ఇండక్షన్ అయిపోయి ఉంటుంది. ఒక్కోసారి మొదటి యూనిట్ పాఠం కూడా అయిపోతుంది. అందరికంటే ఎక్కువ సాయం అవసరమైన పిల్లలకే అది అందడం లేదు.

దీనికి కాస్త భిన్నమైన దారి మన దగ్గరే ఒకటి ఉంది. 2008లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో, అంటే నూజివీడు, ఇడుపులపాయ, బాసర లాంటి ఆర్జీయూకేటీ క్యాంపస్‌లలో, పదో తరగతి మార్కులతో చేరి ఆరేళ్లు చదువుతారు. ఇంటర్‌కు సమానమైన రెండేళ్ల పీయూసీ అయ్యాకే బీటెక్. అక్కడి పిల్లలకు ఇల్లు వదిలి రావడమనే దెబ్బ పదిహేను పదహారేళ్లకే తగులుతుంది. అది చిన్న కష్టమేమీ కాదు. అయితే ఇంజినీరింగ్ పాఠాలు మొదలయ్యేసరికి యూనివర్సిటీ వాతావరణం వాళ్లకు పాతబడి ఉంటుంది. రెండు మార్పులూ ఒకే నెలలో మీద పడవు.

67 సెకన్ల ప్రశ్న, అరగంట ప్రశ్న

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు దాదాపు 67 సెకన్లు. నెగటివ్ మార్కులు లేవు. దీనికోసం రెండేళ్లు సాన పట్టిన బుర్ర ప్రశ్న చూడగానే అది ఏ మోడలో పసిగడుతుంది, షార్ట్‌కట్ వేస్తుంది, కుదరని ఆప్షన్లను కొట్టేస్తుంది. ఇది తక్కువ నేర్పేమీ కాదు.

యూనివర్సిటీ పరీక్ష అడిగేది మరో నేర్పు. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022లో తెచ్చిన ఆర్22 నిబంధనల్లో సెమిస్టర్ ఆఖరి పరీక్ష 60 మార్కులకు, మూడు గంటలు. పార్ట్ ఎ‌లో ఒక్కో మార్కు ప్రశ్నలు పది. పార్ట్ బి‌లో పది మార్కుల ప్రశ్నలు ఐదు, ఒక్కో చోట రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. లెక్క వేస్తే ఒక్కో పెద్ద ప్రశ్నకు అరగంట దాకా సమయం ఉంటుంది.

మొదటి సెమిస్టర్ మ్యాథ్స్‌లో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి తీసుకుందాం. మూడు వరసలు, మూడు నిలువుల మ్యాట్రిక్స్ ఇచ్చి, కేలీ-హామిల్టన్ సిద్ధాంతం సరిచూడండి, దాని సాయంతో ఇన్వర్స్ కనుక్కోండి అంటారు. నాలుగు ఆప్షన్లు ఇస్తే మన టాపర్ డిటర్మినెంట్ కట్టి, రెండు మూడు అంకెలు సరిచూసి నిమిషంలో ఇన్వర్స్ తేల్చేస్తాడు. ఇక్కడ ఆప్షన్లు లేవు. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ రాయాలి, మ్యాట్రిక్స్ వర్గం, ఘనం కట్టాలి, అవన్నీ ఈక్వేషన్‌లో పెట్టి సున్నా వస్తుందని చూపించాలి, ఆ తర్వాత ఇన్వర్స్. రెండు పేజీల లెక్క. రెండో లైన్‌లో ఒక మైనస్ గుర్తు జారిపోతే ఆఖర్న సున్నా రాదు. ఎక్కడ జారిందో వెనక్కి వెళ్లి వెతకాలి. ఇంత పొడవైన లెక్కను చేత్తో రాసే అలవాటు రెండేళ్లుగా పెద్దగా లేదు. లెక్క తెలిసినా మార్కులు ఎందుకు రావడం లేదో వాళ్లకు అర్థం కాదు.

మార్కుల ఏర్పాటు కూడా కొత్తదే. ఆర్22లో వందలో 40 ఇంటర్నల్స్, అంటే కాలేజీలోనే వేసే మార్కులు. అందులో 30 సెమిస్టర్ నడుస్తుండగా పెట్టే రెండు మిడ్ పరీక్షల సగటు, మిగతావి అసైన్‌మెంట్లకు, వైవా లాంటివాటికి. పాసవ్వాలంటే ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో (సెమిస్టర్ ఆఖరి పరీక్షలో) 21, మొత్తం మీద 40 రావాలి. 14, 21 కలిపితే 35 మాత్రమే. రెండు చోట్లా గీత దాటానని ఊపిరి పీల్చుకున్నవాడు కూడా మొత్తంలో తప్పవచ్చు. ఇది తెలియక తెల్లబోయిన పిల్లలను చూశాను.

కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో లెక్క వేరు. అక్కడ 2023లో తెచ్చిన ఆర్23లో ఇంటర్నల్స్ 30, ఎక్స్‌టర్నల్ 70. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఈ తేడా ఎంత పని చేస్తుందో చూడండి. 30కి గాను మొదటి మిడ్‌లో 12, రెండో మిడ్‌లో 26 వచ్చాయనుకుందాం. సగటు పద్ధతిలో 19 వస్తాయి. 80-20 పద్ధతిలో 23 దాటతాయి. మొదటి మిడ్ అంటే చేరిన రెండు నెలలకు, ఇంకా ఏమీ కుదురుకోక ముందే వచ్చే పరీక్ష. కాకినాడ పద్ధతి ఆ తొలి తడబాటును కొంత క్షమిస్తుంది. నాకు అదే న్యాయంగా అనిపిస్తుంది. సగటు పద్ధతి ఉన్న చోట చదివేవాళ్లు మాత్రం మొదటి మిడ్‌ను రిహార్సల్‌గా తీసుకోకూడదు.

తర్వాత క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే బరువు. ఆర్22లో బీటెక్ మొత్తానికి 160 క్రెడిట్లు, సగటున సెమిస్టర్‌కు 20. నాలుగు క్రెడిట్ల మ్యాథ్స్‌లో గ్రేడు రెండు మెట్లు దిగితే ఆ సెమిస్టర్ సగటు గ్రేడు (ఎస్‌జీపీఏ) 0.4 తగ్గుతుంది. ఒక క్రెడిట్ ల్యాబ్‌లో అంతే దిగితే తగ్గేది 0.1. ఇంటర్‌లో అన్ని సబ్జెక్టులకూ ప్రాణం పెట్టిన అలవాటుతో, రికార్డులో బొమ్మలకు రంగులు దిద్దడానికి రెండు సాయంత్రాలు పెట్టి మ్యాథ్స్ అసైన్‌మెంట్‌ను కాపీ కొట్టేవాళ్లు ఉంటారు. ఎక్కడ ఎంత సమయం పెట్టాలో క్రెడిట్లే చెబుతున్నాయి.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. జేఎన్‌టీయూహెచ్ సూత్రం ప్రకారం అన్ని సెమిస్టర్ల సగటు గ్రేడైన సీజీపీఏ నుంచి 0.5 తీసేసి పదితో గుణిస్తే శాతం వస్తుంది. 7.8 అంటే 73 శాతం. ఇంటర్‌లో 97 శాతం చూసిన కళ్లకు ఇది పతనంలా కనబడుతుంది. కానీ అవి వేరు వేరు కొలతలు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో చాలా కంపెనీలు 60 శాతం పైన ఉండాలని, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఉండకూడదని అడుగుతాయి. మొదటి సెమిస్టర్‌లో 7.8 తెచ్చుకున్న పిల్లవాడు బాగానే చదువుతున్నట్టు లెక్క. అతన్ని తిట్టకండి.

అటెండెన్స్ లెక్క చాలామందికి చివరి నెలలో గానీ తెలియదు. 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ లాంటి సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్ (మినహాయింపు) అడగొచ్చు. 65 కంటే తక్కువైతే డిటెన్షనే. మళ్లీ వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి అదే సెమిస్టర్ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా 75 శాతం హాజరు ఉండాల్సిందే. సెమిస్టర్‌లో సుమారు 90 పని దినాలు అనుకుంటే మానుకోగలిగేది 22 రోజులు. శుక్రవారం రాత్రి బస్సెక్కి మంగళవారం పొద్దున దిగితే శనివారం, సోమవారం రెండూ పోయినట్టే. అలా పదకొండు సార్లు ఇంటికి వెళ్తే ఖాతా ఖాళీ. ఇందులో జ్వరం వచ్చిన రోజులు, వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి సెలవులకు ముందూ వెనకా కలుపుకున్న రోజులు లేవు. పైగా హాజరును పీరియడ్ల లెక్కన వేస్తారు కాబట్టి, మూడు పీరియడ్ల ల్యాబ్ ఉన్న పూట మానేస్తే మూడు క్లాసులు పోతాయి.

పై లెక్కలన్నీ ఏ కాలేజీకి ఆ కాలేజీలో కొంత మారతాయి. అటానమస్ కాలేజీలు తమ నిబంధనలు తామే రాసుకుంటాయి. అందుకే చేరిన వారంలోనే రెగ్యులేషన్స్ పుస్తకం డౌన్‌లోడ్ చేసుకుని, మార్కులు, హాజరు, పై ఏడాదికి ప్రమోషన్ అనే మూడు అధ్యాయాలైనా చదవాలి. సీనియర్ చెప్పిన లెక్క సీనియర్ బ్యాచ్‌ది. రెగ్యులేషన్ మారితే అది చెల్లదు.

ల్యాబ్‌లో ఒక మధ్యాహ్నం

మొదటి ఏడాది సబ్జెక్టుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ కొంతవరకు తెలిసినవే. ఇంజినీరింగ్ డ్రాయింగ్‌కు డ్రాఫ్టర్, షీట్లు కొనుక్కుని చేతిని అలవాటు చేసుకోవాలి. సాధన చేస్తే వచ్చేస్తుంది. పిల్లల ఆత్మవిశ్వాసాన్ని అందరికంటే ముందు దెబ్బ తీసేది సి ప్రోగ్రామింగ్ ల్యాబ్.

రెండు అంకెలు కూడే ప్రోగ్రాం రాయమంటారు. పిల్లవాడు బోర్డు మీది నుంచి చూసి టైప్ చేస్తాడు. ఒక్కో అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ కొడతాడు, ఎందుకంటే రెండేళ్లుగా కీబోర్డు ముట్టలేదు. టైప్ చేసిన అంకెను చదివే స్కాన్‌ఎఫ్ లైన్‌లో వేరియబుల్ పేరుకు ముందు ఉండాల్సిన ఆంపర్‌సండ్ గుర్తు (&) మరిచిపోతాడు. ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చే కంపైలర్ ఒక వార్నింగ్ చూపిస్తుందేమో, కానీ ప్రోగ్రాం కంపైల్ అయిపోతుంది. రన్ చేసి 5 అని కొట్టగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని వచ్చి ఆగిపోతుంది. ఏ లైన్‌లో తప్పో అది చెప్పదు. పక్కకు చూస్తే, ప్లస్ టూలో కంప్యూటర్ సైన్స్ చదివి వచ్చిన అమ్మాయి మూడో ప్రోగ్రాం చేస్తుంటుంది. సార్‌ని పిలవాలంటే మొహమాటం. ఆఖరికి పక్కవాళ్ల ప్రోగ్రాం చూసి ఎక్కించి, అవుట్‌పుట్ తెప్పించి, అబ్జర్వేషన్ బుక్‌లో సంతకం పెట్టించుకుంటాడు. ఆ రోజు మనసులో పడిన మాట "కోడింగ్ నాకు రాదు".

నిజానికి జరిగింది చాలా చిన్నది. టైప్ చేసిన అంకెను మెమరీలో ఎక్కడ పెట్టాలో స్కాన్‌ఎఫ్‌కు అడ్రస్ ఇవ్వాలి. ఆ గుర్తు చేసే పని అదే. అది లేకపోతే వేరియబుల్‌లో అప్పటికే ఉన్న ఏదో చెత్త విలువనే అడ్రస్ అనుకుని, తనది కాని చోట రాయబోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ ఆపేస్తుంది. ఇది ఒక్కసారి ఎవరైనా విడమరిచి చెబితే జన్మలో మరిచిపోరు.

అసలు తేడా ఇంకా లోతున ఉంది. ఇంటర్‌లో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోవడం అంటే రాదని అర్థం, వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి. అలా వదిలేయడాన్నే అక్కడ నేర్పుతారు, 67 సెకన్ల పరీక్షకు అదే సరైన పద్ధతి. ప్రోగ్రామింగ్‌లో ఆగిపోవడం రోజువారీ పని. ఎర్రర్ చదవడం, మధ్యలో ప్రింట్‌ఎఫ్ పెట్టి విలువలు చూడటం, ఒక్కో లైన్ తీసి మళ్లీ రన్ చేయడం, ఇవే ఆ విద్య. పదేళ్ల అనుభవం ఉన్న ఇంజినీర్ కూడా రోజులో చాలాసేపు ఇదే చేస్తాడు. ఈ ఒక్క విషయం మొదటి ల్యాబ్‌లో చెబితే ఎంతమందికి మేలు జరుగుతుందో. చెప్పకపోతే మొదటి ప్రోగ్రాం నుంచే కాపీ మొదలవుతుంది, ల్యాబ్ ఎక్స్‌టర్నల్ నాటికి చేతిలో ఏమీ ఉండదు.

"ర్యాంకెంత?"

హాస్టల్లో మొదటి వారం అందరూ అడిగే ప్రశ్న ఇది. వినడానికి మామూలుగా ఉంటుంది. కానీ ర్యాంకు తెలిస్తే సీటు కన్వీనర్ కోటాలోదా, మేనేజ్‌మెంట్‌దా, ఏ కేటగిరీలో వచ్చిందీ ఊహించవచ్చు. చాలాసార్లు ఆరా దానికోసమే. పేరు చివర ఏముందని అడగడానికి ఇది మర్యాదైన రూపం. రిజర్వేషన్‌లో సీటు వచ్చిన పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన పిల్లలు ఆ ప్రశ్న దగ్గరే ముడుచుకుపోతారు. క్లాసులో చేయి ఎత్తరు. ఈ సంగతిని కాలేజీలు చూసీ చూడనట్టు వదిలేయడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇండక్షన్‌లో మాట్లాడాల్సిన విషయాల్లో ఇది మొదటిది కావాలి.

ర్యాంకు బాగా వచ్చినవాళ్లకు మరో రకం దెబ్బ. వరంగల్ ఎన్ఐటీలోనో, ఐఐటీలోనో ఒక సెక్షన్ తీసుకుంటే అందులో ప్రతివాళ్లూ తమ ఊళ్లో, తమ కాలేజీలో మొదటివాళ్లే. అందరూ మొదటివాళ్లయిన చోట సగం మంది కింది సగంలో ఉండక తప్పదు. హెర్బర్ట్ మార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల నుంచి దీన్ని పరిశీలించారు. సమానమైన సామర్థ్యం ఉన్న పిల్లల్లో, బాగా చదివేవాళ్ల మధ్య ఉన్నవారికి తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉంటుందని ఆయన చూపించారు. చదువు తగ్గలేదు. చుట్టూ ఉన్న మనుషులు మారారు, దాంతో తనను తాను కొలుచుకునే తీరు మారింది. పదిహేడేళ్లుగా "నువ్వు ఫస్ట్" అన్న మాట మీదే నిలబడ్డ పిల్లలకు ఇది తట్టుకోలేనంత బరువు.

భాష ఇంకో ముడి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకు మొదటి రెండు నెలలు పాఠం కంటే మాటలే కష్టం. వాళ్లకు సబ్జెక్టు రాదని లెక్చరర్లు అనుకుంటారు, వాళ్లూ అలాగే అనుకుంటారు. ఒక్కో యూనిట్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ఇంగ్లిష్ మాటలు ముప్పై నలభైకి మించవు. వాటిని ఒక కాగితం మీద తెలుగు వివరణతో రాసుకుంటే ఆ అడ్డు చాలావరకు తొలగుతుంది. అలాగే అబ్బాయిలకూ అమ్మాయిలకూ వేరు వేరు క్యాంపస్‌లు ఉన్న జూనియర్ కాలేజీల నుంచి వచ్చినవాళ్లకు, ల్యాబ్‌లో ఒక అమ్మాయితోనో అబ్బాయితోనో మామూలుగా మాట్లాడటం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిన విషయమే. దీన్ని ఎగతాళి చేయకూడదు.

ఇది నా చోటు కాదేమో అన్న భావన చదువును ఎంతగా తినేస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి ఉంది. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అమెరికాలో ఒక యూనివర్సిటీలో మొదటి ఏడాది విద్యార్థులతో గంట సేపు ఒక పని చేయించారు. "మొదట్లో మాకూ ఇక్కడ ఇమడలేమనిపించింది, కొన్నాళ్లకు ఆ భావన పోయింది" అన్న సీనియర్ల అనుభవాలు చదివించి, దానిమీద వాళ్ల మాటల్లో రాయించారు. తర్వాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు మెరుగయ్యాయి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. 2011లో సైన్స్ పత్రికలో ఇది వచ్చింది. మన పరిస్థితులు వేరే కాబట్టి ఫలితం అచ్చంగా ఇంతే ఉంటుందని చెప్పలేం. కానీ ఫ్రెషర్స్ పార్టీలో స్టేజీ మీద డాన్సులకు పెట్టే సమయంలో ఒక గంట తీసి, మొదటి సెమిస్టర్‌లో తప్పి తర్వాత నిలదొక్కుకున్న నలుగురు సీనియర్లతో మాట్లాడించడానికి కాలేజీకి ఖర్చేమీ కాదు.

సీనియర్లతో పరిచయం ఒకటి, ర్యాగింగ్ ఒకటి. రెండో దానిమీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. యూజీసీ నిబంధనలు 2009 నుంచి ఉన్నాయి. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకు 1800-180-5522 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. మనసు బాగా కుంగిపోయినప్పుడు, బతుకు మీద విరక్తి పుట్టినప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ రెండు నంబర్లూ చేరిన రోజే ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి. తమకోసం కాకపోయినా రూమ్మేట్ కోసం పనికొస్తాయి.

ఏం చేస్తే కుదురుకుంటారు?

జూనియర్ కాలేజీ షెడ్యూల్‌ను మళ్లీ తెచ్చి హాస్టల్ గోడ మీద అంటించుకోవడం చాలామంది చేసే మొదటి ప్రయత్నం. నాలుగు రోజులు కూడా నిలవదు. తలుపు తట్టే వార్డెన్ లేడు కాబట్టి. నేను చూసినంతలో నిలిచేవి చిన్న ఏర్పాట్లే. రోజూ ఒకే చోట, ఒకే సమయంలో గంటన్నర. లైబ్రరీ అయితే మేలు, గదిలో అయితే మంచం మీద కాకుండా. ఆ గంటన్నరలో ఆ రోజు చెప్పిన మ్యాథ్స్ లెక్కలు పుస్తకం మూసి మళ్లీ చేయడం, ల్యాబ్ ప్రోగ్రాం సొంతంగా మొదటి నుంచి టైప్ చేయడం. అంతే. మిగతా సాయంత్రం ఆటకూ స్నేహానికీ వదిలేయొచ్చు. అవి కూడా మొదటి ఏడాదిలో అవసరమైన పనులే.

వారం పరీక్ష పోయింది కాబట్టి దాన్ని తానే పెట్టుకోవాలి. ఆదివారం సాయంత్రం పాత ప్రశ్నపత్రంలోంచి ఒక పది మార్కుల ప్రశ్న తీసుకుని, అరగంట ఫోన్ పక్కన పడేసి, పుస్తకం చూడకుండా రాసి, ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. చదివిందే మళ్లీ చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది. ఆ అనిపించడమే మోసం. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు నాలుగుసార్లు చదివారు, మరికొందరు ఒకసారి చదివి మూడుసార్లు గుర్తుతెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61 శాతం. జూనియర్ కాలేజీ వారం పరీక్షల్లో ఉన్న అసలు బలం ఇదే. దాన్ని మాత్రం వెంట తెచ్చుకోవాలి. ర్యాంకుల జాబితాను అక్కడే వదిలేయవచ్చు.

అడగడం కూడా ఒక విద్యే. "సార్, మూడో యూనిట్ అర్థం కాలేదు" అని వెళ్తే లెక్చరర్ ఏం చెప్పగలడు? మళ్లీ చదువు అంటాడు. నోట్సు తీసుకెళ్లి "ఈ లైన్ నుంచి కింది లైన్‌కు ఎలా వచ్చారో తెలియలేదు" అని వేలు పెట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. సాధారణంగా ఇరవై మంది విద్యార్థులకో మెంటర్, అంటే వాళ్ల బాగోగులు చూసే లెక్చరర్, ఉంటారు. మెంటర్‌ను కలిసినట్టు నమోదు చేసే కౌన్సెలింగ్ పుస్తకంలో సంతకం కోసం మాత్రమే వాళ్లను కలవడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. స్కాలర్‌షిప్ దరఖాస్తు దగ్గర నుంచి బోనఫైడ్ సర్టిఫికెట్ దాకా, ఇంట్లో ఎవరూ చెప్పలేని ప్రశ్నలకు అసలైన దిక్కు వాళ్లే.

అమ్మానాన్నలకు ఒక మాట. రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నావా, చదివావా" అంటే "ఆ, ఆ" అన్న రెండు జవాబులే వస్తాయి. ఎవరితో కలిసి టిఫిన్ చేశావని అడగండి. ఏ మేడమ్ పాఠం బాగా చెబుతున్నారని అడగండి. మూడు వారాలైనా ఒక్క స్నేహితుడి పేరు కూడా బయటికి రాకపోతే ఒకసారి వెళ్లి చూసి రండి. మార్కుల కంటే ముందు తెలిసే సంకేతం అదే. పక్కింటి పిల్లవాడి ఎస్‌జీపీఏ సంగతి మాత్రం ఎత్తకండి.

తప్పాక ఏమిటి?

మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చేసరికి రెండో సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది. ఒక సబ్జెక్టు పోతే ఆకాశం విరిగి మీద పడదు. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు, ఇంటర్నల్స్ మార్కులు అలాగే ఉంటాయి. జేఎన్‌టీయూహెచ్‌లో ఆర్22 ప్రకారం రెండో ఏడాదికి వెళ్లడానికి మొదటి ఏడాది క్రెడిట్లలో సగం చాలు. ప్రమాదం వేరే చోట ఉంది. చాలామంది తప్పిన సంగతి ఇంట్లో చెప్పరు. చెప్పరు కాబట్టి సప్లీ (మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) ఫీజుకు డబ్బు అడగలేరు. అడగలేక ఆ విడత వదిలేస్తారు. అప్పటికి రెండో సెమిస్టర్ మ్యాథ్స్ కూడా మొదటి దాని మీద ఆధారపడి నడుస్తుంటుంది కాబట్టి అదీ పోతుంది. రెండో ఏడాది చివరికి ఐదారు బ్యాక్‌లాగ్‌లు పేరుకున్న పిల్లల్లో ఎక్కువమంది కథ ఇలా ఒక్క సబ్జెక్టును దాచడంతోనే మొదలైంది. అందుకే ఫలితం చూసిన రోజే ఇంట్లో చెప్పేయాలి, వినేవాళ్లు కూడా ఆ రోజుకు తిట్లు ఆపుకోవాలి.

రెండు మూడు మార్కుల్లో పోయిందనుకుంటే రీవాల్యుయేషన్‌కు పెట్టవచ్చు. అయితే దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లీ ఫీజు గడువు దాటేయడం ఏటా ఎవరో ఒకరు చేసే పొరపాటు. రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు చేసి, సప్లీ ఫీజు కూడా కట్టేసి, పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని చదవడం మొదలుపెట్టాలి.